కొంగ చూడని పందెం

మా పూల్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసినాయనకి కొంగ అని పేరు పెట్టింది సొంత బావే. పొడుగాటి కాళ్ళు, సన్నటి మెడ, ఎత్తు కుర్చీ మీద కూర్చుని పొద్దస్తమానం నీళ్ళకేసి చూపు. ఇంకేం పేరు పెడతారు? "మావాడిది కొంగ జపమే. కాకపోతే కళ్ళు తెరుచుకుని చేస్తాడు" అని ఆ బావ నలుగురిలో వేళాకోళం చేసేవాడు. కొంగ నవ్వేవాడు కాదు. నవ్వితే కళ్ళు చిన్నవవుతాయి, కళ్ళు చిన్నవైతే నీళ్ళు సరిగా కనబడవు అనేవాడు.

నేను ఆ పూల్ గేటు దగ్గర కౌంటర్లో కూర్చునేదాన్ని. టికెట్లు చింపడం, లాకర్ల తాళంచెవులు ఇవ్వడం, నీళ్ళలోకి దిగేవాళ్ళ ఫోన్లు తీసుకుని అరల్లో సర్దడం నా పని. నా కుర్చీ పక్కన పెద్ద అద్దాల కిటికీ ఉంది. అందులోంచి నీళ్ళు, కొంగ కుర్చీ, దానికి ఎదురుగా జనం కూర్చునే మెట్లు పక్కవాటుగా కనిపిస్తాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆరోజు జరిగినదాని గురించి నోటికొచ్చినట్టు చెప్పినవాళ్ళు బోలెడంత మంది. మొదటినుంచి చివరిదాకా చూసింది మాత్రం నేను. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు, ఒప్పుకుంటాను. నా కళ్ళకి మాత్రం ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

కొంగ చిన్న వయసులోనే ఆ ఉద్యోగంలో చేరాడు. ఆయనకంటే ముందు పనిచేసిన ముసలాయన వెళ్ళిపోతూ ఒకే ఒక్క మాట చెప్పాడట. "మూత లేని నీళ్ళకి వీపు చూపించకు." ఆ మాటని ఈయన పట్టుకున్నది ఉడుంపట్టు. గ్లాసు వంక చూడకుండానే టీ తాగేవాడు. ఎవరైనా పలకరిస్తే మొహం అటే పెట్టి జవాబిచ్చేవాడు. పూల్ ఖాళీ చేయించి, గేటుకి తాళం వేశాక గానీ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పేవాడు కాదు. ఓసారి పెళ్ళి సంబంధం ఒకటి దాదాపు కుదిరింది. అమ్మాయి తనంతట తానే పూల్ దగ్గరికి వచ్చి, కుర్చీ పక్కన నిలబడి మాట్లాడింది. ఆవిడ మాట్లాడినంతసేపూ ఈయన నీళ్ళనే చూశాడు. మర్నాడు వద్దని కబురు పెట్టింది. ఆవిడ తప్పేం లేదు, నేనైనా అదే పని చేసేదాన్ని. ఆ తర్వాత ఆయన ఇంక పెళ్ళి ఊసెత్తలేదు. పక్కవీధిలో అక్క ఇల్లు ఉంది. రెండు పూటలా భోజనం అక్కడే.

ఆ అక్క భర్తే ఈ బావ. సిటీ బస్సు డ్రైవరు. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, పొట్ట స్టీరింగుకి తగలడం మొదలుపెట్టింది. ఈత కొట్టమని డాక్టరు చెప్పాడు. నలభై దాటిన మనిషికి ఈత నేర్పడం అంటే గాడిదకి గానం నేర్పడమేనని నేను కొంగతో అన్నాను. కానీ ఆయన ఓపిగ్గా నేర్పాడు. బావకి ఈత ఓ మాదిరిగానే వచ్చింది గానీ, తేలడం మాత్రం మహా గొప్పగా వచ్చింది. నాలుగు చుట్లు కొట్టాక బోర్లా పడి, చేతులు చాపి, మొహం నీళ్ళలో పెట్టి కదలకుండా తేలేవాడు. నడుం నొప్పికి దీన్ని మించిన మందు లేదనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి కెవ్వుమంటే నేను వెళ్ళి, "ఏం కాదు, ఆయనకదో పిచ్చి" అని సర్దిచెప్పేదాన్ని. పోనుపోను అందరికీ అలవాటైపోయింది. ఆయన పేరు మొద్దు అయింది. ఊపిరి అయిపోయాక ఠపీమని తలెత్తి, "స్టాపొచ్చింది, దిగేవాళ్ళు దిగండి" అనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు.

కొంగకి మాత్రం ఆ వేషం నచ్చేది కాదు. "మానెయ్ బావా," అనేవాడు. "ప్రాణమున్నవాడెలా ఉంటాడో, లేనివాడెలా ఉంటాడో నా కంటికి తేడా తెలియాలి. నువ్వా తేడా చెరిపేస్తున్నావు."

"నువ్వున్నావనేగా ధైర్యం. నువ్వు లేకపోతే నేనీ చెరువులో కాలైనా పెడతానా?" అనేవాడు బావ.

బావతో పాటు ఆయన కూతురు కూడా వచ్చేది. మొదటిరోజే మెట్టు జారి బుడుంగుమని మునిగింది. కొంగ జుట్టు పట్టుకుని పైకి లాగితే ఏడవలేదు సరికదా, "మళ్ళీ" అంది. అప్పటినుంచీ అది బుడుంగు. కొంగ దానికి చేయి పట్టుకుని ఊపిరి వదలడం నేర్పాడు, తర్వాత చేయి వదిలేశాడు. మేనమామ వదిలిన చోటునుంచి ఆ పిల్ల ఎక్కడెక్కడికో ఈదుకుంటూ వెళ్ళిపోయింది. స్కూలు పోటీలు, పెద్ద ఊరి కోచింగు, చివరికి దేశం జట్టు. వాళ్ళమ్మ మాత్రం ఒక్క పోటీ కూడా చూసేది కాదు. ఆవిడకి నీళ్ళంటే చచ్చేంత భయం. కూతురు ఈదుతున్నంతసేపూ ఇంట్లో కూర్చుని కుట్టుమిషను తొక్కుతూ ఉండేది. నీళ్ళ విషయంలో ఆవిడకి ఉన్న ధైర్యమల్లా తమ్ముడే. "వాడక్కడుంటాడు, వాడి కన్ను పడితే ఏం కాదు" అనేది.

ఆ ఏడాది అంతర్జాతీయ పోటీల్లో ఆడపిల్లల రిలే ఫైనల్‌కి మన జట్టు వెళ్ళింది. ఒకరు వచ్చి గోడ తాకితే ఇంకొకరు దూకాలి. అలా నలుగురు. ఆ నలుగురిలో ఆఖరున దూకేది మన బుడుంగు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఊరికి పూనకం వచ్చింది. అంతవరకూ పూల్ ఏ వీధిలో ఉందో తెలియనివాళ్ళు కూడా వచ్చి, నా కౌంటరు మీద మోచేతులు పెట్టి, చెయ్యి ఎలా వెయ్యాలో, ఊపిరి ఎప్పుడు పీల్చాలో చెప్పడం మొదలుపెట్టారు. కాలు తడవకుండా ఈత నేర్పేవాళ్ళకి మా ఊళ్ళో కరువు లేదు. సూపర్వైజరు ఇదే సందనుకుని పూల్‌లోనే పెద్ద తెర కట్టిస్తానన్నాడు. ఆరోజు ఈత బంద్. జనం మెట్ల మీద కూర్చుంటారు, ఎదుటి గోడకి తెర. ఆ గోడ కిందే కొంగ కుర్చీ. అంటే తెర సరిగ్గా ఆయన నెత్తి మీద, వెనక.

"ఇవాళెవరూ దిగరయ్యా. కుర్చీ అటు తిప్పుకుని హాయిగా చూడు," అన్నాడు సూపర్వైజరు.

"నీళ్ళకి మూత లేదు కదండీ," అన్నాడు కొంగ.

బావకి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చాడు. అలవాటుగా తన ఫోను నా చేతికిచ్చి, కొంగ దగ్గరికి వెళ్ళి గొడవపడ్డాడు. "నీ మేనకోడలురా. నువ్వు చెయ్యి పట్టి నేర్పిన పిల్ల. ఆ దిక్కుమాలిన ఖాళీ నీళ్ళు చూస్తావా?"

"రేపు నాకు సెలవు బావా. రేపంతా అదే చూస్తాను. మళ్ళీ వేస్తారు కదా," అన్నాడు కొంగ. "మెట్ల కింది వరసలో పిల్లలు కూర్చున్నారు, చూడు. ఒక్కడు జారినా చాలు."

"నీతో మాట్లాడటం, గోడకి తల కొట్టుకోవడం ఒకటే," అని బావ వెళ్ళి కింది మెట్టు మీద, బేకరీ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

పందెం మొదలైంది. నాకు కిటికీలోంచి తెర కనపడదు. మాటలు వినపడతాయి, జనం కనపడతారు. పందేన్ని నేను చెవులతో విన్నాను, కొంగ ఎదుటివాళ్ళ మొహాల్లో చూశాడు. మొదటి పిల్ల దూకగానే మెట్లన్నీ ముందుకి వంగాయి. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించే డెంటిస్టు తనే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అయిదో స్థానం అని తెరలో చెప్పారు. ఉసూరుమన్నారు. రెండో పిల్ల మూడో స్థానానికి తెచ్చింది. పై వరసలో ఎవరో లేచి ఎగిరితే, వెనకాయన చొక్కా పట్టి కూలేశాడు. మూడో పిల్ల మళ్ళీ వెనకబడింది. రిటైరైన హెడ్మాస్టరు "ఇంక అయిపోయింది, లేవండి, ఇళ్ళకి పోదాం" అన్నాడు. లేవమన్న ఆయన కూడా లేవలేదు.

బుడుంగు దూకింది. బావ లేచి నిలబడ్డాడు, కానీ చూడలేకపోయాడు. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, "ఏమైంది, ఏమైందమ్మా" అని బేకరీ ఆవిణ్ణి అడుగుతున్నాడు. ఆవిడ జవాబు చెప్పే స్థితిలో లేదు, ఆయన భుజం మీద కొడుతోంది. మలుపు తిరిగేసరికి అరుపులు కాస్తా ఆగిపోయాయి. అంతమంది ఉన్నారు, దగ్గు కూడా వినపడలేదు. తెరలో చెప్పేవాడి గొంతు మాత్రం పెరిగి పెరిగి, జీర పోయి, చివరికి మాటలు రాక ఆగిపోయింది.

నేను అప్పుడు కొంగనే చూస్తున్నాను. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.  గెడ్డం పక్కకి కదిలింది, ఒక్క రవ్వ. ఇంకొక్క రవ్వ కదిలితే తెర కనపడేది. చూడవయ్యా బాబూ, చూడు, అని నేనిక్కడ లోపల్లోపల అనుకుంటున్నాను. గెడ్డం మళ్ళీ నీళ్ళ మీదికే వచ్చింది.

గోడ తాకారు. ఎవరు ముందు తాకారో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెర మీద పేర్లు పడ్డాయి కాబోలు. ఆ కేకకి నా కిటికీ అద్దాలు అదిరాయి. గోరంత తేడాతో మనవాళ్ళే. జన్మలో ఒకరినొకరు పలకరించుకోని ఇరుగుపొరుగువాళ్ళు వాటేసుకున్నారు. హెడ్మాస్టరు ఏడుస్తున్నాడు. బావ టోపీ గాల్లోకి విసిరి, బూట్లు కూడా విప్పకుండా, పొట్ట ముందుకు పెట్టి నీళ్ళలోకి దూకేశాడు.

ఒకడు దూకితే ఆగుతారా? గొర్రెల మందలా ఒకరి వెనక ఒకరు దూకారు. ఈత వచ్చినవాడు, రానివాడు, చీరలతో, ప్యాంట్లతో, జేబుల్లో ఫోన్లతో. కొంగ ఈల ఊదుతూనే ఉన్నాడు. ఆ గోలలో ఈల ఎవరికి వినపడుతుంది? నేను కౌంటరు వదిలి పరుగెత్తాను. అప్పటికే ఆయన నీళ్ళలో ఉన్నాడు. డెంటిస్టుని చొక్కా పట్టి గట్టుకి ఈడ్చాడు. ఎవరో పిల్లని ఎత్తి నా చేతుల్లోకి విసిరాడు. లోతు వైపు బేకరీ ఆవిడ మునుగుతోంది. తడిసిన బట్టలు ఆవిణ్ణి కిందికి లాగుతున్నాయి. ఆయన వెళ్ళి పట్టుకుంటే ఆవిడ ఆయన మెడ పట్టుకుని వేలాడింది. ఇద్దరూ ఒకసారి మునిగి తేలారు.

బావ మాత్రం ఆ మూల, ఎప్పటిలాగే, బోర్లా పడి చేతులు చాపి తేలుతున్నాడు. కొంగ ఆయన పక్కనుంచే బేకరీ ఆవిణ్ణి లాక్కుంటూ వెళ్ళాడు. ఒక్క చూపు చూసి వెళ్ళిపోయాడు. ఈత రానివాళ్ళు అంతమంది ఉండగా, ఈత వచ్చినవాణ్ణి ఎవరు చూస్తారు? ఒక్కడి గురించైనా దిగులు లేదనుకున్నాడు. తర్వాత నాతో అదే అన్నాడు.

అప్పుడే తెర మీద బుడుంగు వచ్చింది. మైకు పెట్టి ఎవరో మీ ఇంటివాళ్ళకి ఏం చెబుతారని అడిగారు. ఆ పిల్ల రొప్పుతూ, నవ్వుతూ చెప్పింది. "మా నాన్న ఈపాటికి బట్టలతోనే దూకేసుంటాడండీ. మొద్దులా బోర్లా పడి తేలుతుంటాడు. అక్కడెవరైనా ఉంటే కాస్త తట్టి లేపి చెప్పండి, గెలిచామని."

జనం ఒక్కసారి ఆయన వైపు తిరిగారు. అక్షరాలా కూతురు చెప్పినట్టే తేలుతున్నాడు. ఇంక నవ్వులే నవ్వులు. మెట్ల మీదున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఆయన చుట్టూ చేరి, "మొద్దు, మొద్దు" అంటూ నీళ్ళ మీద అరచేతులతో చరిచారు. గట్టు మీదున్నవాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. దగ్గుతున్న బేకరీ ఆవిణ్ణి గట్టు మీదికి తోసి, అంచు పట్టుకుని ఆయాసపడుతున్న కొంగ కూడా అటు చూసి నవ్వాడు. డ్యూటీలో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నవ్వు ఎలా ఆగిపోయిందో కూడా చూశాను. బావ తేలేటప్పుడు వేళ్ళు విప్పి నీళ్ళని తడుముతున్నట్టు పెట్టేవాడు. ఆరోజు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. కొంగ జనాన్ని చేతులతో తోసుకుంటూ వెళ్ళి ఆయన్ని వెల్లకిలా తిప్పాడు. నవ్వేవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. గట్టు మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కడం, నోట్లోకి ఊపిరి ఊదడం మొదలుపెట్టాక గానీ వాళ్ళకి తెలివి రాలేదు. పై మెట్ల మీద కొందరు ఆ తర్వాత కూడా పాటలు పాడారు. ఎవరో వెళ్ళి నోరు మూయించాల్సి వచ్చింది.

అంబులెన్సులో వచ్చినాయన నాడి చూసి, కంట్లో లైటు వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. గుండె ఆగిందన్నాడు. ఎప్పుడు ఆగిందని కొంగ అడిగాడు. దూకగానే అయ్యుండొచ్చు, కాసేపు తేలాక అయ్యుండొచ్చు, వెంటనే తీసుంటే బతికేవాడేమో, చెప్పలేం అన్నాడు. కొంగ వాళ్ళ అక్కని తీసుకురావడానికి మనిషి వెళ్ళాడు. ఆవిడ వచ్చేదాకా కదపొద్దని, ఆయన మీద పూల్ తువ్వాలు కప్పి అందరూ చుట్టూ నిలబడ్డారు. ఎవరి బట్టలు చూసినా నీళ్ళు కారుతున్నాయి.

నా కౌంటర్లో ఫోను మోగింది. బావ ఫోను. దాని మీద బుడుంగు అని ఉంది. ఎత్తే ధైర్యం లేక అది మోగుతుండగానే తెచ్చి కొంగ చేతిలో పెట్టాను. అంత నిశ్శబ్దంలో ఆ పిల్ల గొంతు అందరికీ వినపడింది.

"నాన్నా, టీవీలో నేను చెప్పింది విన్నావా? అందరూ నవ్వారా?"

"నేనమ్మా. మావయ్యని."

"నాన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడా? చెప్పానా. నేను చెప్పేటప్పుడు కూడా తేలుతున్నాడా?"

కొంగ తువ్వాలు వైపు చూశాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళని, ఒక్కొక్కరినీ చూశాడు. వాళ్ళందరూ తలలు దించుకున్నారు.

"లేదమ్మా. తేలలేదు. దూకగానే అడుక్కి వెళ్ళిపోయాడు. నువ్వు మాట్లాడేసరికే అంతా అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"నాన్న లేడమ్మా. గుండె ఆగిపోయింది."

అటువైపు జనం కేకలు వినపడుతున్నాయి. ఎవరో ఆ పిల్లని పిలుస్తున్నారు, పతకాలకి టైమైందని. తర్వాత అడిగింది. "నువ్వక్కడ లేవా మావయ్యా?"

"ఉన్నాను. నేను చూడలేదు. టీవీ చూస్తున్నా. నీ పందెం చూస్తూ ఉండిపోయాను."

ఫోను నాకు తిరిగిచ్చేశాడు.  అంత అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అది విని చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకోవడం మాత్రం నాకు తెలిసింది. చచ్చిపోతున్న మనిషిని చూసి చప్పట్లు కొట్టామనే మాట ఇంక ఎవరూ అననక్కర్లేదు. నేను ఆరోజు అసహ్యించుకున్నట్టు మనుషుల్ని ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

అక్క వచ్చింది. ఏడవలేదు. తువ్వాలు తీసి చూసి, మళ్ళీ కప్పి, తమ్ముడి ఎదురుగా నిలబడింది. "నువ్వున్నావనే కదరా పంపాను."

"టీవీ చూస్తున్నానక్కా."

"నట్టేట ముంచావురా," అంది. అంతే. ఆ తర్వాత ఆవిడ తమ్ముడితో మాట్లాడలేదు. ఆయనకి ఆ ఇంట్లో కంచం కూడా పెట్టలేదు.

విచారణకి వచ్చినవాళ్ళకి కొంగ అదే చెప్పాడు. సూపర్వైజరుకి ప్రాణం లేచొచ్చింది. నీళ్ళ పక్కన అంతమంది జనాన్ని కూర్చోబెట్టిన పాపం ఎవరూ ఎత్తలేదు. వీడియోలు తీసినవాళ్ళు మర్నాటికల్లా తుడిచేసుకున్నారు. బేకరీ ఆవిడ ఒక్కతే నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "నేను ఆయన మెడకి వేలాడుతున్నా కదండీ. టీవీ ఎలా చూస్తాడు?"

"అది నాకెందుకు, వెళ్ళి వాళ్ళక్కతో చెప్పు," అన్నాను.

"చెబితే అప్పుడు వాళ్ళ బావ తేలుతున్నాడని కూడా చెప్పాలి. ఆ పిల్ల అన్న మాట, మేం నవ్వింది, అన్నీ చెప్పాలి." కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పూల్ వైపు రాలేదు. నేనే చెప్పేద్దామని కొంగతో అంటే, "మీ కాళ్ళు పట్టుకుంటాను, నోరు జారకండి" అన్నాడు. నా నోరు సంగతి తెలిసి కూడా అడిగాడు.

కొన్ని రోజులకి బుడుంగు వచ్చింది. నాన్న లాకర్లో ఉన్నవి తీసుకెళ్ళడానికి. సరిగ్గా అప్పుడే కొంగ తన ఈల, తాళాలు అప్పజెప్పడానికి కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. నేను సంచీ ఇచ్చాను. తీసుకుని, వెళ్ళబోతూ ఆగింది.

"నా పందెం బాగా చూశావా మావయ్యా?"

"చూశానమ్మా."

"నేను ఎంతో కష్టపడి ఈదాను. నాన్న చూస్తాడని." సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నువ్వు చూశావు. నువ్వు నన్ను చూస్తూ కూర్చుంటే నాన్న పోయాడు. ఇంకెప్పుడూ నా ఈత చూడకు."

కౌంటరు చెక్క పట్టుకుని నేను పళ్ళు బిగపట్టాను. చూడలేదే పిచ్చిపిల్లా, అని నా నాలిక చివరి వరకూ వచ్చింది. కొంగ నావైపు చూశాడు. అది బతిమాలడమో, బెదిరించడమో నాకు తెలియలేదు.

"సరేనమ్మా," అన్నాడు.

ఆ పిల్ల వెళ్ళిపోయాక నేను ఆయన్ని దులిపేశాను. మీరేమన్నా దేవుడా, ఈ త్యాగాలెందుకు, అక్క పోయింది, ఉద్యోగం పోయింది, ఇప్పుడీ పిల్ల కూడా పోయింది, ఏం బావుకున్నారని. ఆయన తాళాల గుత్తి సర్ది నా ముందు పెట్టాడు.

"నన్ను తిట్టుకుంటూనైనా మళ్ళీ నీళ్ళలో దిగుతుందండీ," అన్నాడు. "తన నోటి మాట విని అందరం నవ్వుతూ కూర్చున్నామని తెలిస్తే, ఇంక జన్మలో దిగదు."

కానీ దిగలేదు. నెలలు గడిచాయి. జట్టులోంచి తప్పుకుందని ఒకరు, కోచింగుకి వెళ్ళడం లేదని ఒకరు చెప్పారు. కొంగకి ఏ పూల్ వాళ్ళూ ఉద్యోగం ఇవ్వలేదు. టీవీ చూసిన లైఫ్‌గార్డు అనే పేరు ఆయనకంటే ముందే అన్నిచోట్లకీ వెళ్ళింది. చివరికి ఫర్నిచరు షోరూములో తలుపు తీసే పనికి కుదిరాడు. నీలం కోటు, టోపీ. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగి పలకరించేదాన్ని. ఆయన ఒక్కటే అడిగేవాడు. "దిగిందా?" నేను లేదనేదాన్ని. చేసినదంతా వృథా అయిందేమోనని భయంగా ఉందండీ అన్నాడు ఓసారి. ఆయన భయమనే మాట వాడటం అంతకుముందు నేను వినలేదు.

ఏడాది దాటాక ఓ ఆదివారం టీవీలో మళ్ళీ రిలే వేశారు. మొదట నేను పట్టించుకోలేదు. జట్టుని చూపిస్తుంటే చివర్న ఆ పిల్ల కనపడింది. చిక్కిపోయింది. ఈత కళ్ళద్దాలు మాటిమాటికీ సర్దుకుంటోంది. తన వంతు వచ్చేదాకా నీళ్ళ వైపే చూడలేదు. ఇది దూకదు అనుకున్నాను. అనుకుంటుండగానే దూకింది.

మర్నాడు బస్సెక్కి షోరూముకి వెళ్ళాను. కొంగ అద్దం తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం చూడగానే ఆయనకి తెలిసిపోయింది, అయినా అడిగాడు.

"దిగిందా?"

"దిగింది."

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.  మా వెనకనుంచి ఎవరో సోఫాల ధరలు అడుగుతూ వస్తున్నారు.

"గెలిచిందో లేదో అడగరేం?" అన్నాను. "నా ఫోన్లో ఉంది. నిమిషం పని, చూడండి."

"వద్దండీ. చూడొద్దంది కదా," అన్నాడు. "అడిగినా చూసినట్టే."

వచ్చినవాళ్ళకి తలుపు తీసి పట్టుకున్నాడు.